ఐదిండ్ల తీగె

మా తమ్ముని మనుమరాలు శిరీషకు హన్మకొండల ఒక దుకాణంల కొలువు దొరికింది. చెవులు కుట్టే కొలువు. మొన్న ఇంటికొచ్చి, చిన్న తుపాకి అసోంటిది చేతిల పట్టుకొని చూపిచ్చింది. "తాతా, గిట్ల పెట్టి గిట్ల ఒత్తితే ఠప్పుమంటది, అయిపాయె. నాలుగు రోజులు ట్రైనింగ్ ఇచ్చిండ్రు" అన్నది.

"మిగిలిన ముప్పై ఏండ్ల ట్రైనింగ్ ఎవలిస్తరు మల్ల?" అని అడిగిన.

పోరి ఊకుంటదా! "నువ్వే రాసియ్యి, సదువుకుంట" అన్నది. నేను మాటకు పడేటోన్ని, చిన్నప్పటి నుంచి అదే నా రోగం. అందుకే రాస్తాన్న.

మాది అవుసుల పని. వరంగల్‌ల మట్టెవాడ దిక్కు ఒక సందుల, రెండు మెట్లెక్కితే మా పెద్దబాపు, అంటే మా నాయిన అన్న, దుకాణం ఉండె. బంగారం పని మా కులపోల్లందరు చేస్తరు. మా దుకాణానికి పేరొచ్చింది మాత్రం చెవులు, ముక్కులు కుట్టుటానికే. డెబ్బైల మొదట్ల, ఇరవై ఏండ్ల వయసుల నేను ఆ మెట్లెక్కిన. కండ్లకు మసకలొచ్చినంక దిగిన. నడుమ ఎన్ని వేల చెవులో నాకు యాదికి లేదు. ఒక్క ముక్కు మాత్రం మర్చిపోలె. ఆ ముక్కు కథ చెప్పెటందుకే ఇదంత. కని సీదా ఆడికే పోతే నీకు సమజ్ కాదు బిడ్డా, జర ఓపిక పట్టు.

సూది కంటే ముందు

పెద్దబాపుది నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. నన్ను మొదటి ఆర్నెల్లు సూది ముట్టనియ్యలె. "మరేం చెయ్యాలె?" అంటే "వచ్చిన పిల్లలను ఆడిపియ్యి" అన్నడు. నేను పదో తరగతి పాసైనోన్ని! గిలక్కాయ చేతిల పట్టుకొని కోతి లెక్క ఎగురుడేంది అని లోపల లోపల మండేది.

తర్వాత తర్వాత తెలిసింది. పిల్ల సూదికి భయపడదు, దానికి సూదంటే ఏం తెలుసు? అది తల్లి మొఖం చూసి భయపడతది. తల్లి ఊపిరి బిగవట్టిందా, పిల్ల కూడ బిగవడతది, చెవి కట్టెలెక్క అయితది. పెద్దబాపు ముందు తల్లినే నవ్విచ్చేటోడు. "ఏమవ్వా, ఇంత నల్ల పిల్లకు అంత పచ్చటి బంగారం కావాల్నా?" అనేటోడు. తల్లి తిట్టేది, మేనమామ నవ్వేటోడు, ఆ నవ్వుల పని అయిపోయేది. పిల్ల మేనమామ ఒళ్లె కూసుండాలె, నోట్ల బెల్లం ముక్క ఉండాలె. ఈ రెండు లేకుంటే పెద్దబాపు సూది తియ్యకపోయేది.

ఇంకో సంగతి. మాకు వేరే సూది ఉండకపోయేది. బంగారు తీగె కొసనే ఆకురాయితోని సూదిగ అరగదీసి, దానితోనే కుట్టి, దాన్నే వంచి పోగు చేసి ఇడిసిపెట్టేది. "కుట్టేది, ఉండేది ఒక్కటే కావాలెరా. లోపలికి ఒకటి పోయి బయటికొచ్చి, మల్ల ఇంకోటి పోతే ఆ మాంసం ఎవన్ని నమ్మాలె?" అనేటోడు పెద్దబాపు.

కుట్టిన రంధ్రం ఖాళీగ ఉంచొద్దు. ఖాళీగ ఉంటే పూడుతది. కరువొచ్చి, రోగమొచ్చి ముక్కుపుడక అమ్ముకున్న ఆడోల్లు ఆ రంధ్రంల సన్న చీపురు పుల్లనో, వేప పుల్లనో పెట్టుకునేది. నేనొకసారి ఒక ముసలామె ముక్కుల పుల్ల చూసి నవ్విన. పెద్దబాపు నా నెత్తి మీద ఒక్కటిచ్చిండు. "పుల్ల ఉన్నదంటే ఆశ ఉన్నదన్నట్టు. నవ్వుతవారా గాడిద!" అన్నడు. అప్పటి నుంచి నా అంగి జేబుల రెండు వేప పుల్లలు ఎప్పుడూ ఉండేటియి.

రాతి చెవులు

ఒక ఐతారం పెద్దబాపు నన్ను సైకిల్ మీద కోటకు తీస్కపోయిండు. ఏదో చరిత్ర చెప్తడనుకున్న. ఆయినకు చరిత్ర ఏం తెలుసు, ఒక్క రాజు పేరు కూడ సక్కగ రాదు. పడిపోయిన రాతి బొమ్మల నడుమ తిరిగి తిరిగి ఒక ఆడ బొమ్మ దగ్గర నిలబడ్డడు. ముక్కు విరిగింది, చేతులు విరిగినయి, ఒక చెవి మాత్రం మంచిగున్నది.

"తమ్మె చూడు. కొస నుంచి ఎంత మీదికి కుట్టిండో చూడు" అన్నడు. చెవి కింది మెత్తటి భాగాన్ని తమ్మె అంటం. "మనం దీనికంటే కిందికి కుడ్తే ఏమైతది?"

"బరువుకు సాగుతది."

"సాగి?"

"తెగుతది."

"రాయి చెక్కినోనికి తెలిసింది, నీకు తెల్వొద్దా?" అన్నడు. గంతే పాఠం. ఆ బొమ్మ చెవి మీద వేలు పెట్టి కొలుచుకొని మల్ల సైకిలెక్కినం. తర్వాత నేను కుట్టిన చెవులన్ని ఆ కొలతకే కుట్టిన. ఎవ్వల చెవి తెగలె. పెద్ద పెద్ద పుస్తకాలు సదివినోల్లు ఈ ముచ్చటను ఇంకో తీరుగ చెప్తరేమో. నాకు మాత్రం వందల ఏండ్ల కిందటి అవుసులాయన ఒకడు ఆ రాయిల నుంచి పాఠం చెప్పినట్టే అనిపిచ్చింది.

ఎవల ముక్కు వాల్లది

మా మెట్లెక్కనోల్లు లేరు. బజార్ల షావుకార్లు పిల్లకు బేసి నెలల, మంచి రోజు చూసుకొని, బ్యాండు తక్కువ పెండ్లి లెక్క వచ్చేటోల్లు. ఊర్ల కాపోల్లు, కైకిలి కూలోల్లు జాతర మొక్కు తీర్సుకొని, గుండు చేపిచ్చిన పిల్లను భుజం మీదేసుకొని వచ్చేటోల్లు. తురకోల్ల ఇండ్లల్ల ఆడపిల్లకు చెవి అంచు పొంటి వరుసగ కుట్టించేది. లంబాడామెకు ముక్కు పోగు ఎంత పెద్దగుంటే అంత ఇజ్జత్. ములుగు అడవి దిక్కు నుంచి కోయోల్లు బస్సు దిగి వస్తే, మొగోల్ల చెవులకు కూడ మీది దాక రంధ్రాలుండేటియి. ఒక ముసలాయినను "ఎవలు కుట్టిండ్రు తాతా?" అంటే "ముల్లు" అన్నడు. ఏ ముల్లో చెప్పలె. ఎంత సాపుగ ఉన్నదో ఆ రంధ్రం! పెద్దబాపు అద్దం పెట్టి చూసి, ఆ తాతకు చాయ్ తాపిచ్చిండు.

ఒకపారి తెల్లదొర పోరడొకడు వచ్చిండు. వేయిస్తంభాల గుడి చూసి, జుట్టు భుజాల దాక ఏసుకొని మా సందుల తిరుగుతాండు. చెవి చూపిచ్చి కుట్టుమన్నడు. పెద్దబాపు ఏమన్నడో తెలుసా? "వీని మేనమామ ఏడి?" అన్నడు. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోని చెప్పిన. వాడు బిత్తరపోయిండు. ఆఖరుకు ఎదురుంగ చాయ్ హోటలాయన గల్ల పెట్టె ఇడిసి వచ్చి, మేనమామనని కూసున్నడు. ఆరడుగుల దొర ఆయన మోకాండ్ల మీద తల పెట్టుకొని, బెల్లం చప్పరిచ్చుకుంట కుట్టిచ్చుకున్నడు. సందంత నవ్వే.

పోయేటప్పుడు వాడొక ముచ్చట చెప్పిండు. వాల్ల తాత ఓడల పని చేసేటోడట. ఓడ పనోల్లు చెవికి బంగారు పోగు పెట్టుకునేదట, ఎందుకంటే సముద్రంల చచ్చి ఏ ఒడ్డుకు కొట్టుకపోయినా, ఆ పోగు తీసుకొని ఎవలన్న మట్టి చేస్తరని. నేను పెద్దబాపుకు తెలుగుల చెప్పిన. "ఏ దేశపోడైన గంతేరా. సోకు కోసం కుట్టిచ్చుకునేటోడు తక్కువ. పానం కోసం కుట్టిచ్చుకునేటోడే ఎక్కువ" అన్నడు. ఆ మాట నా చెవిల పడ్డది గని తలకెక్కలె. ఎక్కి ఉంటే కొంరమ్మ కొడుకుకు గట్ల కాకపోవు.

నేను చేసిన తప్పు

కొంరమ్మది వర్ధన్నపేట దిక్కు ఒక ఊరు. కైకిలి చేసుకొని బతికేటోల్లు. చంకల అయిదు నెలల పిల్లగాన్ని ఏసుకొని, తమ్ముడు ఐలయ్యను వెంటబెట్టుకొని వచ్చింది. నాకంటే రెండు మూడేండ్లు పెద్దదుండొచ్చు. మొఖం మాత్రం యాభై ఏండ్ల మొఖం. ముక్కుల చీపురు పుల్ల.

"పోరనికి ముక్కు కుట్టాలె" అన్నది.

మగపిల్లగానికి ముక్కు ఎందుకు కుడ్తరో నాకు తెలుసు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతాంటే, తర్వాత పుట్టినోన్ని పెంట మీద పండవెట్టి, పరాయి మనిషి ఎత్తుకుంటే, చాటెడు నూకలిచ్చి కొనుక్కున్నట్టు తెచ్చుకుంటరు. పెంటయ్య అని పేరు పెడ్తరు. ఐదిండ్లల్ల లోహం అడుక్కొచ్చి, తీగె చేపిచ్చి ముక్కుకు ఏపిస్తరు. ఇది ఎవలకూ అక్కరలేనిది, అడుక్కొచ్చినది అనుకొని సావు పక్కకు పోవాలెనని. కొంరమ్మకు ముగ్గురు పోయిండ్రు. ఒకడు తొమ్మిది రోజులకు, ఒకడు ఏడు నెల్లకు. మూడోది ఆడపిల్ల, రెండేండ్లు ఆడుకొని పోయింది.

కొంగు ముడి ఇప్పింది. ఐదు రోజులు నడిచి, ఐదు కులాల ఇండ్ల నుంచి అడుక్కొచ్చిందట. ఒకరిచ్చిన బంగారు ముక్కుపుడక విరుగుడు, ఇంకొకరిచ్చిన మట్టె ముక్క, ఒక రాగి ఉంగరం, చెంబు అంచు నుంచి తీసిన ఇత్తడి ముక్క, తండా ఆమె ఇచ్చిన వెండి గాజు రేకు. అన్ని కలిపి గుప్పెట్ల సగం కూడ లేవు.

దీనికొక పద్ధతి ఉన్నది, పెద్దబాపు నాకు చెప్పే ఉండె. ఆ ఐదింటిల బంగారం ముక్క ఒక్కటే ముక్కుకు ఎక్కాలె. మిగిలిన నాలుగిటితోని చిన్న గంట చేసి పిల్లగాని మొలతాడుకు కట్టాలె. మొక్కూ చెల్లుతది, మాంసమూ చెడదు. పెద్దబాపు ఆ రోజు మడికొండల పెండ్లికి పోయిండు. దుకాణంల నేనొక్కన్నే ఉన్న. నేను ఆ పద్ధతే చెప్పబోయిన.

ఐలయ్య నడుమ అందుకున్నడు. "గట్లెట్ల? ఐదిండ్లయి అన్ని తీగెకే పోవాలె. జర మా కండ్ల ముంగట్నే కరిగియ్యి. తల్లి బంగారమైనా అవుసులోడు తియ్యక మానడంటరు" అన్నడు.

ఆ సామెత వింటే మా కులపోల్లకు ఒళ్లు మంట. పెద్దబాపు అయితే నవ్వి, "తల్లి బంగారం ఉంటే నేనీడ ఎందుకుంట బిడ్డా" అనేటోడు. నాకు ఇరవై మూడేండ్లు. నెత్తురు తలకెక్కింది. "చూస్కో మరి!" అన్న. ఐదు ముక్కలూ, ఒక్కటి మిగలకుంట, వాని ముంగట్నే కరిగిచ్చే మూసల ఏసిన. కుంపటి ఊదిన. ఇత్తడి, రాగి, వెండి, బంగారం అన్ని కలిసి ఒక్క గోళి అయింది. దాన్ని కమ్మచ్చుల పెట్టి లాగిన. కమ్మచ్చంటే తీగె లాగే చిల్లుల ఇనుప పలక. తీగె తెగింది. మల్ల కాల్చి లాగిన. మల్ల తెగింది. ఆ లోహం రెండుసార్లు నాకు చెప్పింది బిడ్డా, ఒద్దు అని. నేను వినలె. మూడోసారి సాగింది.

"అంత వాడినవ్, నిజమే" అన్నడు ఐలయ్య. నా ఛాతి ఉబ్బింది. ఆ తీగెతోనే పిల్లగాని ముక్కు కుట్టిన. వాడు గుక్కపట్టి ఏడ్సిండు. కొంరమ్మ మాత్రం నవ్వింది. ఆమె నవ్వుడు అదే మొదలనుకుంట, ఎన్నేండ్లకో.

నేను దొంగతనం చెయ్యలేదని చూపిచ్చుకునేటందుకు ఒక పసిపిల్లగాని మాంసంల ఇత్తడి పెట్టిన. తప్పు అదే. అందుల మోసం లేదు, పొగరున్నది.

దవాఖానల

పదో రోజు పొద్దుగాల ఐలయ్య సైకిల్ మీద ఉరికొచ్చిండు. కొట్టనీకె వచ్చిండనుకున్న. వాడు మెట్ల మీద కూలవడ్డడు. "పోరని మొఖం వాసింది. దవాఖానల ఏసినం. తీగె తియ్యాలంటాంది డాక్టరమ్మ. మా అక్క తియ్యనిస్తలేదు. తీస్తే పోతడంటాంది. నువ్వు రా" అన్నడు.

పెద్దబాపు నా దిక్కు తిరిగిండు. "ఇత్తడి కలిపినవా?"

"కలిపిన."

తిడ్తడనుకున్న. తిట్టలె. తువ్వాల భుజం మీదేసుకున్నడు. "నడువు" అన్నడు. దవాఖాన మెట్ల కాడ ఆగిండు. "నేనీడ కూసుంట. పెట్టింది నువ్వు, తీసేది నువ్వే" అన్నడు. పదిసార్లు కొట్టినా అంత దెబ్బ తగలకపోవు.

డాక్టరమ్మ గంభీరమైన మనిషి, వేరే జిల్లా నుంచి వచ్చినామె. "ఎవరు పెట్టారు ఇది?" అని అడిగింది. "నేనేనమ్మా" అన్న. నా మొఖం ఒకసారి చూసింది. "సూదులు ఇస్తున్నాం. కానీ ఆ తీగ లోపలున్నంతసేపు చీము తగ్గదు. వాపు కంటి దాకా వచ్చింది. ఇంకా పైకి పాకితే నా చేతుల్లో ఏమీ ఉండదు. గుంజుకుని తీయగలను. తీస్తే పిల్లాణ్ణెత్తుకుని పారిపోతుంది. సూదులు ఎవరికివ్వాలి అప్పుడు? నువ్వు చెప్పు ఆమెకి" అన్నది.

కొంరమ్మ మంచం పక్కన నేల మీద కూసున్నది, పిల్లగాన్ని కడుపుకు అదుముకొని. వాని ముక్కు నల్లరేగడి లెక్క అయింది, ఒక కన్ను మూసుకపోయింది. తీగె చుట్టూ పచ్చగ చిలుము. ఆమె ఆ తీగె మీద అరచెయ్యి కప్పి పెట్టుకున్నది. నేను కూడ నేల మీద కూసున్న.

"అక్కా, తప్పు నాది" అన్న. "దేవునిది కాదు, నీ మొక్కుది కాదు, నీ పోరనిది కాదు. ఐదిండ్ల లోహంల మాంసానికి పడేది ఒక్కటే. అది తెలిసి కూడ నేను అన్ని కలిపిన. మీ తమ్ముడు ఒక మాటన్నడని కలిపిన. నన్ను తిట్టు, కొట్టు. తీగె తియ్యనియ్యి."

"తీస్తే పోతడు" అన్నది. "ముగ్గురికి ఏం పెట్టలె. ముగ్గురు పోయిండ్రు. వీనికి పెట్టిన. వీడున్నడు. నాకు గంతే తెలుసు."

తీగె ఉంటే సావని డాక్టరమ్మ, తీస్తే సావని తల్లి నమ్ముతాండ్రు. నేను ఆమె మొఖం దిక్కు చూసుకుంట కూసున్న. అప్పుడు నా కండ్లు ఆమె ముక్కుల చీపురు పుల్ల మీద పడ్డయి.

"నీ ముక్కుపుడక ఎప్పుడు అమ్మినవ్ అక్కా?"

"మూడో పిల్లకు జెరమొచ్చినప్పుడు."

"పుల్ల ఎందుకు పెట్టుకున్నవ్?"

ఆమె వేలు పుల్ల మీదికి పోయింది. నేనన్న: "ఈ తీగె వాని ముక్కుల నుంచి తీసి బయట పారెయ్యను. నీ ముక్కుకు పెడ్త. ఈడనే, నీ కండ్ల ముంగట. నీ పాలు తాగుతాండు, నీ పానమే వాని పానం. వాని బదులు నువ్వు మొయ్యి. వాడు పెద్దగైనంక వానిది వానికిద్దాం. ఐదిండ్ల తీగె ఇల్లు ఇడ్సిపోదు."

ఆమె నా దిక్కు తిరిగింది. నన్నే అడిగింది, నాకు ఇప్పటికీ ఆ గొంతు ఇనవడ్తది. "ఇది వానిదేనని సావుకు తెలుస్తదా తమ్మీ?"

అబద్ధం ఆడాల్నా, తెల్వదని చెప్పాల్నా? ఎనుక నుంచి డాక్టరమ్మ వంగి, మెల్లగ అన్నది: "తెలుస్తుందమ్మా. తల్లి దగ్గరుంటే ఎవరికైనా తెలుస్తుంది."

కొంరమ్మ చెయ్యి తీసింది.

తీగె కొస కత్తిరిచ్చి, సాపు చేసి, మెల్లగ లాగిన. చీము, నెత్తురు వచ్చినయి. డాక్టరమ్మ దూదితోని తుడిచి పిల్లగాన్ని అందుకున్నది. నేను తీగెను స్పిరిట్ల కడిగి, కొంరమ్మ చీపురు పుల్ల తీసి, ఆ పాత రంధ్రంల తీగె ఎక్కిచ్చి కొస వంచిన. ఆమె రెప్ప కూడ కొట్టలె. పిల్లగాని దిక్కే చూస్తాంది.

బయటికొచ్చినంక పెద్దబాపు అడిగిండు, "ఏం చేసినవ్?" అని. చెప్పిన. ఆయిన తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు. "బతకాలె కొడుకా వాడు, బతకాలె" అన్నడు. నన్ను కొడుకా అన్నది ఆ ఒక్కసారే.

నాలుగో రోజుకు వాపు దిగింది. పన్నెండో రోజుకు ఇంటికి పంపిచ్చిండ్రు.

ఈడ ఒక్క మాట, శిరీషా

నీ తుపాకిని నేను తిట్టను. అది శుభ్రంగ ఉంటదంటాన్నవు, మంచిదే. కని వచ్చినోల్ల చేతిల ఏ లోహమున్నదో అడుగు. నీ దుకాణం పోగు పెట్టుమంటే పెట్టుడు కాదు. పడకపోతే పడదని చెప్పు, మీ మేనేజర్ మొఖం మాడ్సుకున్నా సరే. ఎవలన్న నిన్నొక మాటంటే, ఆ కోపం తీరేదాక సూది ముట్టకు. కుట్టినంక చెడిపోయిందని ఫోనొస్తే, "డాక్టర్‌కు చూపియ్యిండ్రి" అని పెట్టెయ్యకు. పో. నువ్వే పో. పోయి నేల మీద కూసో.

ఆరో ఇల్లు

నెల తర్వాత కొంరమ్మ ఐలయ్యను వెంటబెట్టుకొని దుకాణానికి వచ్చింది. పిల్లగాడు చంకల నవ్వుతాండు. ముక్కు మీద కందిగింజంత మచ్చ. ఆమె ముక్కు మాత్రం తీగె చుట్టూ పచ్చవడ్డది. పాత రంధ్రం, ముదిరిన చర్మం కాబట్టి చీము పట్టలె గని, ఎన్నేండ్లు మొయ్యాలె!

నా వేలుకు మా అవ్వ చేపిచ్చిన సన్న ఉంగరముండె. తీసి, కరిగిచ్చి, రేకు కొట్టి ఆ తీగెకు చుట్టిన. లోపల ఐదిండ్ల లోహం అట్లనే, మీద నా బంగారం. ఐలయ్య చూసుకుంట నిలబడ్డడు, ఒక్క సామెత రాలె వాని నోట్లకెల్లి.

"ఐదిండ్లయి గాక ఇంకోటి కలవొచ్చా?" అని కొంరమ్మ అనుమానపడ్డది.

"ఇది ఆరో ఇల్లనుకో" అన్న, పని కావాలెనని. ఏదో మాటవరసకు అన్న మాట. ఆమె పోయింది. యాడాదికొక్కసారి జాతరకు పోతాంటే దుకాణం ముంగట ఆగి పిల్లగాన్ని చూపిచ్చి పోయేది. వాడు నడిచిండు, ఉరికిండు, బడికి పోయిండు. పెద్దబాపు పోయిండు. నా చెవుల మీద వెంట్రుకలు తెల్లవడ్డయి.

తొంభైల నడుమ ఒకనాడు పొద్దుమూకే యాళ్లకు కొంరమ్మ మెట్లెక్కింది. నెత్తి మీద తట్ట. తట్టల కొత్త తువ్వాల, చీర, బియ్యం, పసుపు పూసిన కార్డు.

"పెంటయ్య పెండ్లి తమ్మీ. లోహం ఇచ్చిన ఇండ్లకు బట్టలు పెట్టి పిలవాలె గదా. ఐదిండ్లకు పోయొచ్చిన. ఇది ఆరో ఇల్లు" అన్నది.

నేను తువ్వాల ముట్టలె. "అక్కా, నాది ఇచ్చిన ఇల్లు కాదు. నాది తప్పు చేసిన ఇల్లు. ఆ బంగారం నా తప్పుకు చుట్టిన" అన్న. ఇన్నేండ్ల నుంచి గొంతుల ఉన్న మాట అది.

"తప్పు శానమంది చేస్తరు తమ్మీ. వచ్చి నేల మీద కూసున్నోల్లు ఎంతమంది?" అన్నది. తట్ట నా ముంగట పెట్టింది. "పొద్దుగాలనే రావాలె. తీగె నువ్వే తియ్యాలె. ఆరో ఇంటోల్లు రాకుంటే పెండ్లి పందిట్ల పోలు గుంజకు నీళ్లు పొయ్యను." నేను ఏడ్సిన. సిగ్గేంది చెప్పనీకె, ఎదురుంగ చాయ్ హోటలాయన చూస్తనే ఉన్నడు.

పెండ్లికి పోయిన. పందిట్ల పెంటయ్య పసుపు పూసుకొని పీట మీద కూసున్నడు. మామ ఐలయ్య కంటే ఎత్తుండు. ముక్కు మీద మచ్చ అట్లనే ఉన్నది. కొంరమ్మ వచ్చి నా ముంగట కూసున్నది, ఆనాడు దవాఖానల కూసున్నట్టే. కొస సాపు చేసి, తీగె తీసి ఆమె అరచేతుల పెట్టిన. ఆమె లేసి పోయి కొడుకు చేతిల పెట్టింది. "ఇది నీది. ఇన్నొద్దులు నా దగ్గరున్నది" అన్నది. వానికి కథంత ఎరుకే. తీగెను కండ్లకద్దుకొని మొలతాడుకు కట్టుకున్నడు.

ఆమె మల్ల నా దగ్గరికొచ్చింది. ఖాళీ అయిన ముక్కు చూసి, అలవాటు చొప్పున నేను జేబుల చెయ్యి పెట్టి వేప పుల్ల తీసిన.

కొంరమ్మ నా చెయ్యి ఆపింది. పందిట్ల కొడుకు దిక్కు చూసుకుంట, "వద్దు తమ్మీ. ఇగ పూడనియ్యి" అన్నది.